పసుపు నది పొడవునా కుండలే

శుక్రవారం, షియాన్

చైనా వెళ్తున్నానంటే అందరూ గోడ గురించే అడిగారు. గోడ కాదు, కుండలు చూడ్డానికి అని చెప్పగానే మాట మార్చేశారు. పింగాణీ కుండలా అని ఒకరిద్దరు ఆసక్తిగా అడిగారు గానీ, నేను వెళ్లింది వాటి కోసం కూడా కాదు. పింగాణీ పుట్టడానికి వేల ఏళ్ల ముందు, కంచు ఇంకా వాడుకలోకి రాని రోజుల్లో, పసుపు నది, దాని ఉపనదుల ఒడ్డున జొన్న కంటే చిన్న గింజలైన కొర్రలు, వరిగలు పండించుకున్న పల్లెల్లో తయారైన మట్టి పాత్రలు అవి. సుమారు ఏడు వేల ఏళ్ల నాటివి మొదలుకొని నాలుగు వేల ఏళ్ల నాటివి వరకు.

దారి ఇలా వేసుకున్నాను. షియాన్‌లో మొదలుపెట్టి, నదికి ఎగువన లాంజౌ, షీనింగ్ వైపు వెళ్లి, అక్కడి నుంచి సముద్రం దిక్కుగా షాన్‌దోంగ్‌కు దిగి, చివర్లో బీజింగ్. అక్టోబరు మొదటి వారం చైనాలో జాతీయ సెలవులు, రైళ్లలో కాలు పెట్టే సందుండదు. అందుకని అవి అయ్యాకే బయల్దేరాను.

షియాన్‌లో దిగేసరికి రాత్రి పదకొండు దాటింది. మా అక్క కొడుకు చిన్నా ఎయిర్‌పోర్టుకు వచ్చాడు. వాడిక్కడ మెడిసిన్ చదువుతున్నాడు. చైనీస్ గడగడా మాట్లాడతాడు, చదవడం మాత్రం హాస్పిటల్ బోర్డుల వరకే.

"పిన్నీ, రేపు టెర్రకోట సైన్యం పెట్టుకుందామా?" అన్నాడు కారెక్కుతూనే.

"అది రెండు వేల రెండొందల ఏళ్లదేరా. మరీ కొత్తది" అన్నాను.

వాడు ఆ మాట డ్రైవర్‌కి చైనీస్‌లో చెప్పాడు. ఆయన సిటీ వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

శనివారం, బాన్‌పో

షియాన్ మెట్రో ఒకటో లైన్లో బాన్‌పో పేరుతో స్టేషనే ఉంది. దిగి కాసేపు నడిస్తే మ్యూజియం. 1953లో బయటపడిన ఊరు ఇది. 1954 నుంచి 1957 దాకా తవ్వారు. 1958లో తవ్విన చోటే పైన కప్పు వేసి మ్యూజియంగా తెరిచారు. చెక్క నడవా మీద నిలబడి కిందికి చూస్తే గుండ్రటి ఇళ్ల గుర్తులు, గుంజలు పాతిన గుంతలు, ధాన్యం దాచుకున్న గోతులు, ఊరి చుట్టూ తవ్విన కందకం కనిపిస్తాయి. కందకానికి అవతల కుండలు కాల్చే కుమ్మరి ఆవాలు. ఒక్కో ఆవం గది సుమారు మీటరు వెడల్పు, అంతే. ఒక పెద్ద కుండో, నాలుగైదు చిన్నవో పట్టే జాగా.

వీళ్లకి కుమ్మరి సారె తెలియదు. మట్టిని తాళ్లలా చేసి, చుట్ట మీద చుట్ట పేర్చి, లోపలా బయటా అదిమి కుండని లేపేవాళ్లు. పని చేస్తున్నప్పుడు తిప్పుకోడానికి కుండ కింద చాప వేసుకునేవాళ్లేమో, చాలా కుండల అడుగున చాప అల్లిక అచ్చు పడి ఉంది. ఒక అద్దాల పెట్టెలో కుండల్ని బోర్లించి పెట్టారు, ఆ అచ్చులు కనబడేలా. అడ్డం పోగు, నిలువు పోగు విడివిడిగా లెక్కపెట్టొచ్చు. ఆ చాప ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది, దాని అల్లిక మాత్రం కుండ అడుగున మిగిలింది.

బాన్‌పో పేరు చెబితే చైనా పిల్లలందరికీ గుర్తొచ్చేది చేప–మనిషి బేసిన్. ఎర్రమట్టి, వెడల్పాటి నోరు, లోపలి గోడ మీద నల్లరంగు బొమ్మలు. గుండ్రటి ముఖం, నెత్తిన కోసుగా టోపీ లాంటిది, కళ్లు రెండు సన్నటి గీతలు. నోటికి అటూ ఇటూ రెండు చేపలు. ముఖానికీ ముఖానికీ మధ్య మళ్లీ ఒక చేప ఈదుతూ ఉంటుంది. ఇది ఏ తిండి గిన్నో అనుకుంటాం. కాదు. పసిపిల్లలు చనిపోతే పెద్ద కుండలో పెట్టి ఇళ్ల మధ్యే పాతిపెట్టేవాళ్లు. ఆ కుండకి మూత ఈ బేసిన్. పెద్దవాళ్లని మాత్రం ఊరి బయట శ్మశానంలో పూడ్చారు. బాన్‌పోలో ఇలాంటి పసిపిల్లల కుండలు 73 దొరికాయి. మూతగా పెట్టిన గిన్నెలకి అడుగున చిన్న బెజ్జం ఉంటుంది. ఆత్మ వచ్చిపోవడానికి అని పురావస్తువేత్తలు అంటారు. అంత చిన్న బెజ్జం ముందు నిలబడితే ఆ మాట కాదనబుద్ధి కాదు.

బొమ్మ మూత లోపలి వైపే ఉంది కదా, అంటే కుండలో ఉన్న బిడ్డ వైపు. బయటివాళ్లకి అది కనబడదు. ఈ మాట లేబుల్ మీద ఎక్కడా రాయలేదు గానీ, నాకైతే ఆ బేసిన్ గురించి ముందుగా చెప్పాల్సింది అదే అనిపించింది.

ఇక్కడే ఇంకో వింత పాత్ర, కోసు అడుగు బుడ్డి. పైన సన్నటి నోరు, మధ్యలో లావు, కింద బొంగరం ములుకు. నేల మీద నిలబడదు. నడుము దగ్గర రెండు చెవులు, తాడు కట్టడానికి. స్కూలు పుస్తకాల్లో దీన్ని నీళ్లు తోడే బుడ్డి అని రాసేవాళ్లు. నదిలో వదిలితే దానంతట అదే పక్కకి వాలి, నీళ్లు నిండాక నిటారుగా లేస్తుందని. వినడానికి బాగుంటుంది. తీరా నీళ్లలో వేసి చూస్తే చాలావాటికి ఆ లెక్క కుదరలేదు. నీళ్లు ఎక్కువయ్యేకొద్దీ బరువు పైకి చేరి తిరగబడుతుంది.

2016లో వేరే సంగతి తేలింది. షియాన్ శివార్లలోనే మీజియాయా అనే చోట దొరికిన సుమారు ఐదు వేల ఏళ్ల నాటి పాత్రల లోపల అంటుకున్న పొరని పరీక్ష చేశారు. వరిగ, బార్లీ, అడవి గింజలు, దుంపలు కలిపి పులియబెట్టిన బీరు ఆనవాళ్లు కనబడ్డాయి. ఆ పాత్రల్లో వెడల్పు నోటి కుండలున్నాయి, గరాటు ఉంది, ఇలాంటి కోసు బుడ్డీ ఉంది. పులిసేటప్పుడు మడ్డి అంతా కింది కోసులోకి దిగిపోతుంది, పైన తేట మిగులుతుంది. నిలబెట్టడానికి నేలలో చిన్న గుంత చాలు. కాబట్టి ఆ ఆకారానికి కారణం నదిలో కాదు, కల్లుకుండ తేటలో ఉందన్నమాట.

"అయితే మా హాస్టల్లో వీటికి గిరాకీ బాగానే ఉంటుంది పిన్నీ" అన్నాడు చిన్నా. వాళ్లమ్మకి చెప్పనని మాటిచ్చాను గానీ రాయనని చెప్పలేదు.

ఆదివారం, షియాన్

ఒక మ్యూజియంలో ఆన్‌లైన్ టికెట్ నా పాస్‌పోర్టు పేరు దగ్గర ఆగిపోయింది. ఇంటిపేరు, సొంత పేరు, తండ్రి పేరు కలిసి వాళ్ల డబ్బాలో పట్టలేదు. గంటన్నర టెన్షన్ పడి, చివరికి కౌంటర్ దగ్గర చేతితో రాయించుకుని లోపలికి వెళ్లాం. తెలుగువాళ్లెవరైనా వెళ్తే ఆ గంటన్నర ముందే లెక్కలో వేసుకోండి.

మధ్యాహ్నం 2022లో తెరిచిన షాన్‌షీ పురావస్తు మ్యూజియానికి వెళ్లాం. నగరానికి దక్షిణాన, బాగా దూరం. జనం తక్కువ. ఇక్కడ నన్ను పట్టి నిలబెట్టింది లీ అనే మూడుకాళ్ల వంటకుండ. రంగు లేదు, బొమ్మ లేదు. బూడిదరంగు మట్టి, ఒంటి నిండా తాడు అచ్చులు. తాడు చుట్టిన చెక్కతో పచ్చి కుండని కొడితే పడే గీతలవి. చెక్క దెబ్బలకి చుట్టలన్నీ గట్టిగా అతుక్కుంటాయి, తడి చేతిలో కుండ జారదు.

కాళ్ల దగ్గర కిటుకు చూడండి. మూడు కాళ్లూ బోలు. లోపల పోసిన గంజి కాళ్లలోకి కూడా దిగుతుంది. కింద మంట పెడితే సెగ అడుక్కే కాదు, మూడు కాళ్ల చుట్టూ తగులుతుంది. తక్కువ కట్టెలతో తొందరగా ఉడుకుతుంది, పొయ్యి రాళ్లు అక్కర్లేదు. అదే డింగ్ అనే పాత్రకైతే కాళ్లు గట్టివి, నిలబెట్టడానికి మాత్రమే. లీ మీద అడుగున చిల్లులున్న కుండ పెడితే ఆవిరి వంట. తర్వాత ఈ రెంటినీ కలిపి ఒకే పాత్రగా చేసేశారు, దాన్ని యాన్ అంటారు.

సూ బింగ్‌ఛీ అనే పురావస్తువేత్త ఉండేవారు. 1930ల్లో ఇక్కడికి పడమర బావోజీ దగ్గర డౌజీతాయ్‌లో జరిగిన తవ్వకాల్లో పనిచేసి, దొరికిన లీ కుండల్ని కాళ్ల మధ్య సందు ఎలా ఉంది, కాళ్లు విడిగా చేసి అతికారా లేదా అని చూస్తూ రకాలుగా విడదీశారు. ఒక్క వంటకుండ కాళ్లు పట్టుకుని కాలాన్ని వరసలో పెట్టారాయన. పెంకులు చూడ్డమే కాదు, తడిమి తెలుసుకోవాలని శిష్యులకి చెప్పేవారట. అద్దం బయట నిలబడ్డ మనకి ఆ భాగ్యం ఎక్కడిది.

సోమవారం, రైల్లో

చైనాలో చాలా మ్యూజియాలకి సోమవారం సెలవు. కాబట్టి ప్రయాణం. షియాన్ నుంచి లాంజౌకి హైస్పీడ్ రైల్లో మూడు గంటలు చాలు, 2017లో ఈ లైను పూర్తయినప్పటి నుంచి. సగం దూరం సొరంగాల్లోనే పోయింది. వెలుగులోకి వచ్చినప్పుడల్లా పసుపు కొండలు, మెట్లు మెట్లుగా పొలాలు. గాలి మోసుకొచ్చి పోసిన మట్టి ఇది. లాంజౌ దగ్గర కొన్నిచోట్ల దాని మందం 300 మీటర్లు దాటుతుంది. నదికి ఆ రంగు, ఆ పేరు ఈ మట్టి వల్లే.

సాయంత్రం 1909 నాటి ఇనుప వంతెన మీద నడిచాం. నీళ్లు ఎక్కువ లేవు గానీ వేగం చాలా ఉంది. వంతెన స్తంభాల దగ్గర నీళ్లు చుట్టలు చుట్టి సుడులు తిరుగుతున్నాయి. ఫొటో తియ్యరా అంటే చిన్నా నీళ్లని వదిలేసి నన్ను తీశాడు.

మంగళవారం, లాంజౌ

ఇక్కడి గాన్సు రాష్ట్ర మ్యూజియంలో అందరూ ముందు కంచు గుర్రం దగ్గరికి పరిగెత్తుతారు. రంగు కుండల హాల్లో ఉదయం తొమ్మిదిన్నరకి మేమిద్దరమే ఉన్నాం. ఈ ఒక్క హాలు చూడ్డానికైనా ఇంత దూరం రావచ్చు.

మొదట రెండు బుడ్డీల గురించి చెప్పాలి. ఛిన్‌ఆన్ జిల్లా దాదీవాన్ ప్రాంతంలో 1973లో దొరికిన బుడ్డికి మూతి ఉండాల్సిన చోట మనిషి తల ఉంది. నుదుటి మీద జుట్టు తిన్నగా కత్తిరించి, వెనక భుజాల దాకా వదిలారు. కళ్లు, ముక్కు, నోరు బెజ్జాలు. చెవులకి కూడా కుట్లున్నాయి. మెడ కింద ఒళ్లంతా నల్లటి ఆకులు, వంపు గీతలు, మూడు వరసల్లో. బట్టలు కట్టుకున్నట్టే ఉంది. బుడ్డి ఎత్తు అడుగు కంటే కాస్త ఎక్కువ. ఎవరీమె అని అడిగే ముందే ఈమె అనేస్తాం, ఆడదని ఎవరూ తేల్చలేదు.

రెండోది గాన్‌గు జిల్లా షీపింగ్‌లో 1958లో దొరికింది. దాని మీద ఒకటే బొమ్మ, బుడ్డి నిండా. మనిషి ముఖం, బల్లి ఒళ్లు, వంకర తిరిగిన తోక. కొండవాగుల్లో ఉండే పెద్ద శాలమాండర్ అంటారు. కాదు, పాము తోకతో ఉండే ఆదిపురుషుడు ఫూషీ అని గాన్సువాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. బొమ్మ గీసినవాడికి ఫూషీ తెలుసో లేదో గానీ ఆ ముఖంలో భయం మాత్రం తెలుస్తుంది.

ఇక మాజియాయావ్ కుండలు. క్రీ.పూ. 3300 నుంచి 2000 వరకు ఈ ఎగువ నది ప్రాంతంలో సాగిన సంస్కృతి. మూడు దశలు: మాజియాయావ్, బాన్‌షాన్, మాచాంగ్. మూడూ ఊళ్ల పేర్లే. మొదటి దశలో రంగు నలుపొక్కటే. కుంచె పట్టు తెలిసిన చెయ్యి, నీటి అలల్లాంటి గీత ఎక్కడా తెగకుండా కుండ చుట్టూ తిరిగి వస్తుంది. రంగు కాల్చక ముందే పూస్తారు, అందుకే ఇన్నేళ్లయినా పోదు. ఎరుపుకి జేగురు, నలుపుకి ఇనుము, మాంగనీసు ఉన్న రాయి. షియాన్ దగ్గర జియాంగ్‌జాయ్‌లో ఒక సమాధిలో చిత్రకారుడి సామాను మొత్తం దొరికింది: రంగు నూరే రాయి, దానికి మూత, నూరుడు కర్ర, నీళ్ల కప్పు, రంగు గడ్డలు. పనిముట్లతో సహా పంపారంటే ఊళ్లో ఆ మనిషికి ఏం పేరుండేదో.

బాన్‌షాన్ బానలు ఇంకో ఎత్తు. బాగా లావు భుజాలు, చిన్న అడుగు. నలుపు పక్కనే ఎరుపు పట్టీ, నలుపు అంచుకి రంపపు పళ్లు. రంపపు పళ్లున్న కుండలు సమాధుల్లోనే దొరికాయని, వీటిని కనిపెట్టిన స్వీడన్ భూగర్భ శాస్త్రవేత్త యోహాన్ గున్నార్ ఆండర్సన్ దాన్ని చావు నమూనా అన్నాడు. తర్వాత ఇళ్లలోనూ దొరికాయి. ఆ పేరు చెల్లలేదు.

ఒక సంగతి గమనించాను. దాదాపు ప్రతి బానకీ రంగు సగం దాకానే. భుజం కింద గీత గీసి ఆపేశారు, కింది సగం ఉత్త మట్టి. మొదట బద్ధకం అనుకుంటాం. కానీ ఈ బానలు బల్లల మీద పెట్టుకున్నవి కావు. నేల మీదో, గుంతలోనో ఉండేవి. చూసేవాళ్లు నిలబడి పైనుంచి చూసేవాళ్లు. కింది సగం ఎవరికీ కనబడదు. చిన్నాని చెయ్యి పైకెత్తి అద్దం పైనుంచి ఫొటో తియ్యమన్నాను. ఆరడుగుల మనిషి, అందింది. ఫొటోలో కుండ మూతి నడిమధ్య చుక్క అయింది, దాని చుట్టూ నాలుగు సుడులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని తిరుగుతున్నాయి. అచ్చం మన వాకిట్లో మెలికల ముగ్గు. పక్కనుంచి చూసినప్పుడు అలలుగా కనబడ్డవే, పైనుంచి పువ్వయ్యాయి. మ్యూజియాల్లో వీటిని కంటి ఎత్తున పెట్టడం వల్ల సగం అందం పోతోందని నా ఫిర్యాదు. కింద అద్దం పలక మీద కాదు, పైన అద్దం వేసి పెట్టాలి వీటిని.

మాచాంగ్ దశకి వచ్చేసరికి చెయ్యి తొందరపడింది. పెద్ద పెద్ద గుండ్రాలు, కప్పో మనిషో తెలియని చేతులూ కాళ్లూ, గీత లావు. కొన్నింటికి తల కూడా వెయ్యలేదు, కుండ మూతే తల. లాంజౌలోనే బైదావ్‌గౌపింగ్ అనే చోట ఈ కాలపు ఆవాలు 12 ఒకే దగ్గర దొరికాయి. అంటే ఇంట్లో చేసుకునే పని కాస్తా అప్పటికి కార్ఖానా అయింది. ఎన్ని కుండలు కావాల్సి వచ్చిందో మర్నాడు తెలిసింది.

బుధవారం, లియూవాన్

పొద్దున్నే రైలెక్కి షీనింగ్ దారిలో లేడూలో దిగి, టాక్సీ మాట్లాడుకుని లియూవాన్ వెళ్లాం. హువాంగ్‌షుయ్ నది ఒడ్డున చిన్న ఊరు. 1974లో తవ్వడం మొదలుపెడితే 1,700కు పైగా సమాధులు బయటపడ్డాయి. కుండలు వేలల్లో. ఒకే ఒక్క సమాధిలో 90కి పైగా కుండలు పెట్టారు. పక్క సమాధుల్లో రెండో మూడో. సంపద అంటే అప్పట్లో ఇదే కాబోలు. అన్ని కుండలు ఒకేసారి కావాలంటే కుంచె తొందరపడక ఏం చేస్తుంది.

మ్యూజియం లోపల బీరువాల నిండా, వరసల నిండా కుండలు. కాసేపటికి చూపు మొద్దుబారుతుంది. అలాంటప్పుడు ఒక్కటే పట్టుకోవాలి. నేను కుండల పొట్ట కింది భాగంలో గీసిన గుర్తులు పట్టుకున్నాను. కూడిక గుర్తు, అడ్డగీత, సున్నా, ఇంకా ఎన్నో. నూటముప్పైకి పైగా రకాలు లెక్కేశారు. ఎవరి కుండో చెప్పే గుర్తా, ఏ జట్టు చేసిందో చెప్పేదా, ఎవరి వాదం వాళ్లది.

"పిన్నీ, స్వస్తిక్!" అని అరిచాడు చిన్నా. నిజమే, నల్లటి రంగుతో స్పష్టంగా స్వస్తిక్. ఒకటి కాదు, చాలా ఉన్నాయి. వాట్సాప్‌లో దీని గురించి ఎలాంటి మెసేజ్ తయారవుతుందో ఊహించుకుని నవ్వొచ్చింది. కూడిక గుర్తుకి కొసలు వంచితే స్వస్తిక్ వస్తుంది. ఆ వంపు ప్రపంచంలో చాలామంది చేతులకి తోచింది. నాలుగు వేల ఏళ్ల నాటి మాచాంగ్ కుమ్మరికీ తోచింది. మన ఊసు తేనక్కర్లేదు.

మన దగ్గరా రంగు కుండలు లేకపోలేదు లెండి. ఉమ్మడి కర్నూలు జిల్లా పాతపాడు పేరుతో పిలిచే ఎర్రటి గిన్నెలు ఉన్నాయి, పొడవాటి ముక్కుతో, పైన ముదురు రంగు గీతలతో. అవి వీటికంటే తర్వాతివి, వీటికీ వాటికీ చుట్టరికం ఏమీ లేదు. మన పిల్లల్లో వాటిని చూసినవాళ్లు ఎంతమంది అన్నదే నా బాధ.

ఊరి బయట ఒకాయన గుడ్డలో చుట్టిన కుండ తీసి చూపించాడు. పాతదట. సుడులు మరీ శుభ్రంగా ఉన్నాయి. నకిలీ అయితే డబ్బు దండగ, అసలైతే జైలు. వద్దని దండం పెట్టాం.

ఆండర్సన్ తవ్వించి తీసుకున్న కుండల కథ కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1921లో హెనాన్‌లో యాంగ్‌షావ్ ఊళ్లో మొదలుపెట్టి, 1923, 24లో ఈ గాన్సు, చింగ్‌హాయ్ రాష్ట్రాల వైపు వచ్చాడు. దొరికినవాటిలో సగం స్వీడన్‌కి, చదివాక సగం చైనాకి తిరిగివ్వాలని ఒప్పందం. 1926లో వాటి కోసం స్టాక్‌హోమ్‌లో మ్యూజియమే పెట్టారు. తిరిగొచ్చిన సగంలో చాలాభాగం యుద్ధాల రోజుల్లో జాడ లేకుండా పోయింది. స్వీడన్ సగం మాత్రం పదిలంగా ఉంది.

గురువారం, షీనింగ్

చింగ్‌హాయ్ మ్యూజియంలో నాట్యం బేసిన్. తోంగ్‌దే జిల్లా జోంగ్‌రీలో 1995లో దొరికింది. లోపలి గోడ మీద చేతులు పట్టుకున్న మనుషులు రెండు గుంపులు, ఒకదాంట్లో 11 మంది, ఇంకోదాంట్లో 13. నడుము కింద గుండ్రంగా ఉబ్బిన బట్ట. బేసిన్‌లో నీళ్లు పోస్తే నీటి అంచున ఆడుతున్నట్టు ఉంటుందని అంటారు. ఉంటుంది కూడా.

మధ్యాహ్నం నూడుల్స్ తింటూ చిన్నాకి లాజియా గిన్నె గురించి చెప్పాను. ఈ రాష్ట్రంలోనే, మిన్‌హే జిల్లాలో. నాలుగు వేల ఏళ్ల కిందట భూకంపం, వరద ఒకేసారి ఊరిని ముంచాయి. బోర్లపడ్డ ఒక మట్టి గిన్నె కింద నూడుల్స్ అలాగే మిగిలాయి. 2005లో ఆ సంగతి ప్రకటించారు. పరీక్ష చేస్తే కొర్ర, వరిగ పిండి అన్నారు. ఆ పిండి అంత పొడవు సాగదని ఇప్పటికీ కొట్లాటే. వాడు తన గిన్నె వైపు చూసుకుని, ఇంకో ప్లేటు చెప్పాడు.

సాయంత్రం విమానంలో షాన్‌దోంగ్ రాజధాని జీనాన్.

శుక్రవారం, జీనాన్

షాన్‌దోంగ్ మ్యూజియంలో అడుగుపెట్టగానే దేశం మారినట్టుంది. రంగు లేదు, సుడి లేదు. అంతా ఆకారమే.

దావెన్‌కౌలో దొరికిన ఎర్రమట్టి జంతువు కూజా ఒకటుంది. పందో కుక్కో, నోరు తెరిచి నాలుగు కాళ్ల మీద నిలబడి, తోక దగ్గర పోసుకుని నోట్లోంచి వంచుకునేలా. వీపు మీద పట్టుకునే పిడి. దాని పక్కనే గ్వేయ్‌లు, తెల్లమట్టి కూజాలు. మూడు ఉబ్బెత్తు కాళ్లు, వెనక తాడులా మెలితిప్పిన పిడి, పైకి ఎగసిన పక్షి ముక్కు. తూర్పు తీరం వాళ్లకి పక్షి ఇలవేల్పు అంటారు. నిజమో కాదో, అరుస్తున్న కోడిపుంజే గుర్తొస్తుంది.

ఆ తర్వాత నల్ల గ్లాసు. లుంగ్‌షాన్ సంస్కృతిది, సుమారు క్రీ.పూ. 2000 ప్రాంతం. కోడిగుడ్డు పెంకు కుండ అని పిలుస్తారు. అంచు దగ్గర మందం అర మిల్లీమీటరు కంటే తక్కువ, మొత్తం బరువు 50 గ్రాములు కూడా ఉండదు. పొడవాటి కాడ, దానికి వరసగా సన్నటి చిల్లులు, పైన వెడల్పు అంచు. కొన్నింటి కాడ లోపల చిన్న మట్టి గోళీ ఉందట, చేతిలోకి తీసుకుంటే గలగలమంటుంది. లోహంలా మెరుస్తుంది గానీ గ్లేజు, అంటే గాజు పూత కాదు. కాల్చక ముందే నున్నగా రుద్దారు. కాల్చడం ముగిసే వేళ ఆవం మూసేస్తే లోపల పొగ కమ్ముతుంది, ఆ మసి మట్టి రంధ్రాల్లోకి ఎక్కి లోపలిదాకా నల్లబడుతుంది.

ఇంత పలచగా చేత్తో చెయ్యలేం. వేగంగా తిరిగే సారె వచ్చింది. నాకు అక్కడ తోచిందేమిటంటే, సారె రాగానే కుంచె పక్కకి పోయింది. లాంజౌలో కుమ్మరి కుండ చేసి దాన్ని కాగితంగా వాడుకున్నాడు. ఇక్కడి కుమ్మరికి కుండే బొమ్మ. మెలిక, మలుపు, సన్నదనం, నీడ, అంతా ఆకారంలోనే చెప్పేశాడు. నాకు లాంజౌ సుడులే ఎక్కువ ఇష్టం. కానీ ముందుకు సాగింది మాత్రం ఈ తూర్పు దారే. డింగ్, డౌ (కాడ ఉన్న గిన్నె), గ్వేయ్ లాంటి ఆకారాలన్నీ తర్వాత కంచులోకి వెళ్లాయి, రాజుల పూజాపాత్రలయ్యాయి. ఈ నల్ల గ్లాసులు కూడా ఎక్కువగా సమాధుల్లోనే దొరికాయి. నోటికి పెట్టుకుని రోజూ తాగేవి కావు.

లుంగ్‌షాన్ అన్న పేరు ఇక్కడికి దగ్గర్లోని చిన్న పట్నానిది. అక్కడి చెంగ్‌జీయా అనే పాత ఊరి చోటుని 1928లో పురావస్తువేత్త వూ జిన్‌డింగ్ గుర్తించారు, 1930, 31లో తవ్వారు. అప్పటికి ఆండర్సన్ రంగు కుండలు పడమటి నుంచి వచ్చాయని వాదిస్తున్నాడు. చైనా నాగరికత మొత్తం అరువు సొమ్మేనా అని ఇక్కడి పండితులకి మంట. తూర్పున ఈ నల్లకుండలు దొరికేసరికి ఊపిరి పీల్చుకున్నారు. రంగు కుండలూ ఇక్కడివేనని తర్వాత తేలింది గానీ, అప్పట్లో ఒక గ్లాసు మోసిన బరువు అంత.

శనివారం, బీజింగ్

జాతీయ మ్యూజియానికి ముందే బుక్ చేసుకున్నాం, పాస్‌పోర్టుతో. కింది అంతస్తులో ప్రాచీన చైనా గ్యాలరీ. ఇన్నాళ్లు ఊరూరా విన్నవన్నీ ఇక్కడ ఒకే వరసలో ఉన్నాయి. బాన్‌పో చేప బేసిన్ ముందు స్కూలు పిల్లలు క్యూ కట్టారు. హెనాన్‌లో 1978లో దొరికిన కొంగ–చేప–గొడ్డలి తొట్టి కూడా ఇక్కడే. ఎత్తు 47 సెంటీమీటర్లు. దేశం దాటి పంపకూడని వస్తువుల జాబితాలో చేర్చారు. తెల్ల కొంగ నోట్లో చేప, ఎదురుగా పిడితో గొడ్డలి. కొంగ తెగ చేప తెగని గెలిచిన కథ అని యాన్ వెన్‌మింగ్ అనే పండితుడు చెప్పారు. కావచ్చు. ఆ చేప మాత్రం గెలుపోటముల గురించి ఆలోచిస్తున్నట్టు లేదు, బిగదీసుకుపోయి వేలాడుతోంది. కొంగ కన్ను చిన్న చుక్క, చేప కన్ను ఇంకా చిన్నది.

నేను ఎక్కువసేపు నిలబడింది గద్ద డింగ్ దగ్గర. షాన్‌షీ హువా జిల్లాలో పొలం దున్నుతుంటే 1957లో బయటపడింది. నల్లటి గద్ద. రెండు కాళ్లు, నేలకి ఆనించిన తోక, కలిపితే డింగ్‌కి కావాల్సిన మూడు కాళ్లు. వీపే కుండ నోరు. రంగు చుక్క కూడా లేదు. ఆరు వేల ఏళ్ల నాటి యాంగ్‌షావ్ సంస్కృతి కుమ్మరి, కుంచె చేతిలో ఉన్న కాలంలోనే, దాన్ని పక్కనపెట్టి ఇలా చేశాడు. పడమర బొమ్మ, తూర్పు ఆకారం అని నిన్న నేను గీసుకున్న గీతని ఈ గద్ద తన్నేసింది. దొరికినాయన దాన్ని ఇంటికి తీసుకెళ్లి కోళ్లకి మేత పెట్టే గిన్నెగా వాడాడని చెబుతారు. గద్ద వీపు మీద కోళ్లు గింజలు తిన్నాయన్నమాట. చిన్నాకి ఈ ట్రిప్ మొత్తంలో బాగా నచ్చింది ఇదొక్కటే.

వెళ్లాలనుకునేవాళ్లకి: బీజింగ్ ఆఖర్న పెట్టుకోండి. ఊళ్లు చూశాక ఇక్కడి లేబుళ్లు చదివితే ఊరి పేరు చూడగానే మట్టి రంగు గుర్తొస్తుంది. సోమవారం ప్రయాణానికి వదిలెయ్యండి. లాంజౌలో ఒక పూట కాదు, రోజంతా పెట్టుకోండి. లియూవాన్‌కి మాత్రం తెరిచి ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కున్నాకే టాక్సీ మాట్లాడండి, తిరుగు ప్రయాణానికి అక్కడ బండి దొరకదు.